అట్టతో చర్చి కట్టుట: శ్రద్ధను అలవరచుకొను విధము

మానవుడు తనయందు లేవని విచారపడు గుణములలో శ్రద్ధ మొదటిది. ధనము చాలని వాడు దానిని సంపాదించు ఉపాయము వెదకును. ఆరోగ్యము చెడినవాడు వైద్యుని ఆశ్రయించును. శ్రద్ధ కుదరనివాడు మాత్రము అది పుట్టుకతో రావలసినదనియు, తన నొసట వ్రాసి లేదనియు తలచి చేతులు ముడుచుకొని కూర్చుండును. ఈ తలపు సరికాదు. శ్రద్ధ అభ్యాసము వలన అలవడునదే; అయితే ఆ అభ్యాసమునకు తగిన పని యొకటి చేతిలో నుండవలెను. ఆ పని ఇంటిలోని బల్లమీద ఇమిడిపోవునంత చిన్నదిగాను, చెడినచో మరల చేయుటకు జంకవలసిన అవసరము లేనంత చవుకైనదిగాను, చేసిన తప్పు కంటికి స్పష్టముగా కనబడునంత నిక్కమైనదిగాను ఉండుట మంచిది. ఈ మూడు లక్షణములును గల పని యొకదానిని ఈ అధ్యాయములో వివరించెదను. అది బొమ్మరైలు మార్గము ప్రక్కన నిలుపుటకు అట్టముక్కలతో ఒక ఆంగ్లగ్రామపు చర్చిని నిర్మించుట.

ప్రేమించువాడే పరికించును

ఇంగ్లాండులో బల్లమీద చిన్న రైలుమార్గమును పరచి, దాని చుట్టును స్టేషనులను, వంతెనలను, పొలములను, ఇండ్లను కొలత తప్పకుండ నిర్మించుట పెద్దలు సైతము జీవితకాలమంతయు సాగించు వ్యాసంగము. పిల్లల ఆటవస్తువుగా మొదలైన ఈ పనికి కళాగౌరవము కలిగించిన వారిలో జాన్ ఎహర్న్ ఒకడు. అతడు నిర్మించిన మాడర్ వ్యాలీ రైలుమార్గము, రైలును దాని చుట్టునున్న ఊరినుండి విడదీయరాదని తొలినాళ్ళలోనే చాటిచెప్పినది. చిన్న భవనములను నిర్మించు పద్ధతిని గూర్చి అతడు ప్రత్యేకముగా ఒక గ్రంథమే వ్రాసెను.

ఇంతకంటె మనకు ముఖ్యమైనది రాయ్ ఇంగ్లాండ్ అను వ్యక్తి చరిత్ర. ఆస్ట్రేలియా దేశస్థుడైన ఇతడు 1925లో ఇంగ్లాండు చేరి, వైట్ హార్స్ లోయలోని గ్రామములను చూచి ముగ్ధుడయ్యెను. అయితే అతని కన్నుల యెదుటనే ఆ గ్రామముల రూపము మారిపోవుచుండెను. పాత గడ్డికప్పులు తొలగి వాని స్థానమున కొత్తకాలపు రేకులు వచ్చుచుండెను. ఆపుటకు తనకు శక్తి లేని ఆ మార్పును తలచుకొని వగచుటతో అతడు తృప్తిపడలేదు. ఏయే ఇల్లు ఎట్లున్నదో కొలతలు గైకొని, ఆ ఇండ్లనే అట్టతో, నీటిరంగులతో చిన్నవిగా నిర్మించుటకు పూనుకొనెను. 1954లో ఆక్స్‌ఫర్డ్‌షైరులోని లాంగ్ విటెన్‌హామ్ గ్రామమున అతడు స్థాపించిన పెండన్ ప్రదర్శనశాల నేటికిని నిలిచియున్నది. ఎహర్న్ నిర్మించిన రైలుమార్గము కూడ ఇప్పుడు అచ్చటనే భద్రముగా నున్నది. అచ్చటి గోడలమీద రాళ్ళు, ఇటుకలు ఒక్కొక్కటిగా గీయబడి, ఒక్కొక్కటిగా రంగు పొందినవి.

ఈ చరిత్రలో సాధకుడు గ్రహింపవలసినది యేమనగా, రాయ్ ఇంగ్లాండుకు శ్రద్ధ ముందుగా కలిగి, ఆ పిమ్మట ఇండ్లమీద ప్రేమ కలుగలేదు. ఇండ్లను ప్రేమించెను గనుక వానిని ఉన్నవి ఉన్నట్లుగా చూడవలెనను పట్టుదల పుట్టెను. ఆ పట్టుదలయే శ్రద్ధగా పరిణమించెను. కావున, నాకు ఏకాగ్రత లేదని వగచువాడు తనను తాను మందలించుకొనుట మాని, తనకు నిజముగా ప్రీతి గల వస్తువు నొకదానిని ఎన్నుకొని, దానిని కొలుచుటకు ఆరంభింపవలెను.

పరిమితిని ముందుగా నిర్ణయించుకొనుట

మొదటి నిర్ణయము పరిమాణమును గూర్చినది. ఇంగ్లాండులో ఎక్కువ వాడుకలో నున్న కొలత 'ఓఓ' అనునది. అందు నిజవస్తువులోని ఒక్కొక్క అడుగును 4 మిల్లీమీటర్లుగా చూపుదురు. అనగా నమూనా నిజవస్తువులో సుమారు 76వ వంతు. ఐదు అడుగుల తొమ్మిది అంగుళముల మనిషి 23 మిల్లీమీటర్ల బొమ్మ యగును. ఏడడుగుల తలుపు 28 మిల్లీమీటర్లగును.

ఈ కొలతలోనే ఒక రాజీ దాగియున్నది. ఐరోపా ఖండమున వాడుకలోనున్న 'హెచ్ఓ' కొలతలో అడుగునకు 3.5 మిల్లీమీటర్లు. బ్రిటిషు ఇంజనులు సహజముగానే చిన్నవి గనుక, ఆనాటి విద్యుత్ మోటారులు ఆ కొలతలోని ఇంజను లోపల పట్టలేదు. అందువలన ఇంజనును, ఊరిని 4 మిల్లీమీటర్ల లెక్కకు పెంచి, పట్టాలను మాత్రము పాత 16.5 మిల్లీమీటర్ల వెడల్పుననే ఉంచిరి. లెక్క ప్రకారము పట్టాల నడుమ 18.83 మిల్లీమీటర్లు ఉండవలెను. ఈ తేడా అందరికిని తెలియును. తెలిసియే దశాబ్దములుగా కొనసాగించుచున్నారు. ఎచ్చట రాజీపడుచున్నామో స్పష్టముగా నెఱిగి రాజీపడుట కార్యసాధకుని లక్షణము. ఎఱుగకయే పడు రాజీలు పనిని లోపలినుండి తినివేయును.

పరిమాణము తెలిసిన పిమ్మట ఆశకు హద్దు గీయవలెను. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మన మెదకు చర్చి 200 అడుగుల పొడుగును, 100 అడుగుల వెడల్పును గలది. దానిని ఈ కొలతలో నిర్మించినచో 800 మిల్లీమీటర్ల పొడుగు, 400 మిల్లీమీటర్ల వెడల్పు గల భవనమగును. రెండున్నర అడుగులకు మించిన ఆ భవనము ముందు బల్లమీద రైలునకు చోటే మిగులదు. తొలి ప్రయత్నమునకు చిన్న గ్రామపు చర్చి చాలును. భక్తులు కూర్చుండు నడిమి సాల 50 అడుగుల పొడుగు, 24 అడుగుల వెడల్పు. బలిపీఠముండు తూర్పు గది 25 అడుగుల పొడుగు, 16 అడుగుల వెడల్పు. పడమట 60 అడుగుల గంటగోపురము అని అనుకొందము. అప్పుడు సాల 200 × 96 మిల్లీమీటర్లు, తూర్పు గది 100 × 64 మిల్లీమీటర్లు, గోపురపు ఎత్తు 240 మిల్లీమీటర్లు అగును.

చూచుట నేర్చుకొనుట

కత్తి పట్టుటకు ముందు కన్ను పని చేయవలెను. ఆంగ్లదేశపు పాత చర్చికి ఒక క్రమము గలదు. బలిపీఠము తూర్పున నుండును. అన్నిటికంటె పెద్ద కిటికీ సాధారణముగా ఆ తూర్పు గోడయందే యుండును. గోపురము తరచుగా పడమట. ప్రవేశమంటపము తరచుగా దక్షిణమున. సమాధులలో తల పడమటికిని పాదములు తూర్పునకును ఉండునట్లు పరుండబెట్టుట ఆచారము. అందువలన బల్లమీద ఉత్తరదిక్కు ఏదియో నిర్ణయింపక చర్చిని నిలుపరాదు.

గోడలను చూడుడు. వానికి ఊతగా వెలుపల నిలిపిన రాతిదిమ్మెలు క్రింద వెడల్పుగా మొదలై మెట్లు మెట్లుగా సన్నబడును. మూలలయందలి రాళ్ళు నడిమి రాళ్ళకంటె పెద్దవి, నునుపుగా చెక్కినవి. రాతివరుస ఒక గోడమీద ఏ ఎత్తున నున్నదో, మూల తిరిగిన పిమ్మట రెండవ గోడమీదను అదే ఎత్తున సాగును. ఈ చివరి సంగతిని గమనింపని నమూనా ఎంత చక్కగా రంగు వేసినను అట్టపెట్టెగానే కనబడును. చూచువాడు కారణము చెప్పలేకపోయినను వాని కన్ను దానిని నమ్మదు.

కొలతలు దొరకని భవనమునకు ఛాయాచిత్రమే ఆధారము. తలుపు ప్రక్కన మనిషి నిలిచియున్నచో ఆ మనిషి ఎత్తే కొలబద్ద. దూరమునుండి, గోడకు ఎదురుగా నిలిచి తీసిన చిత్రము లెక్కకు అనుకూలము. దగ్గరనుండి పైకి ఎత్తి తీసిన చిత్రములో గోపురము సన్నబడి కొలతలను చెరచును. ఇట్లు చూచినదంతయు ఒక కాగితముమీద గీసి, ప్రతి గీత ప్రక్కను అడుగులలో నొకటి, మిల్లీమీటర్లలో నొకటి చొప్పున రెండు అంకెలు వ్రాసికొనవలెను. ఈ కాగితము పూర్తియగువరకు అట్టను ముట్టరాదు.

కోత, జిగురు, ఓర్పు

పనిముట్లు కొద్దివి: ఫొటో ఫ్రేములు కట్టువారి వద్ద దొరకు మౌంట్ బోర్డు గాని, పుస్తకములకు వేయు బైండింగు అట్ట గాని, సుమారు 1.5 మిల్లీమీటర్ల మందము గలది, పదునైన బ్లేడు కత్తి, స్టీలు స్కేలు, మూలమట్టము, తెల్ల జిగురు, గరుకు కాగితము.

అట్టను ఒక్క వ్రేటున కోయబూనుట మొదటివారి అలవాటు. బలముగా నొక్కిన కత్తి స్కేలు అంచును విడిచి ప్రక్కకు జారును, కోత అంచు వాలును, వ్రేలికిని అపాయమే. మొదటి కోత గీత మాత్రమే గీయవలెను. రెండవది ఆ గీతను లోతు చేయవలెను. నాలుగైదు తేలిక కోతలకు అట్ట దానంతట అదే విడిపోవును. కిటికీలను ముందుగా కోసి, గోడ వెలుపలి అంచులను పిదప కోయవలెను. గోడ పెద్ద అట్టలో భాగముగా ఉన్నంతసేపు కదలదు గనుక చిన్న కోతలు నిలుకడగా పడును. బ్లేడు మొద్దుబారినదని తోచిన క్షణముననే మార్చవలెను; బ్లేడు వెల కంటె గోడకు పట్టిన కాలము విలువైనది.

జిగురు విషయము పుస్తకములు బైండు చేయువారికి బాగుగా తెలియును. తెల్ల జిగురులో నీరుండును. ఆ నీటికి అట్టయందలి నారలు ఉబ్బి, ఆరునప్పుడు ముడుచుకొని, అతికిన వైపునకు అట్టను లాగును. అందువలన గోడకు వెలుపల రాతి కాగితము అతికించినచో, లోపలి ప్రక్కనను అదే మందము గల కాగితమును అతికించి, రెండు లాగుళ్ళను సమము చేసి, బరువైన పుస్తకముల క్రింద రాత్రియంతయు ఉంచవలెను. జిగురు పలుచగా, అంచువరకు సమముగా పూయవలెను. నాలుగు గోడలు నిలిపిన పిమ్మట లోపల అడ్డముగా అట్టపలకలు బిగించి, ప్రతి మూలను మూలమట్టముతో పరీక్షింపవలెను. ఇచ్చట అర మిల్లీమీటరు వంకర పోయినచో పైకప్పు రెండు పార్శ్వములును కొప్పునొద్ద కలియవు. క్రింది తప్పు క్రిందనే దిద్దుటకు నిమిషములు చాలును. పైకి పోయిన కొలది దానికి దినములు పట్టును. ఉద్యోగములోను సంసారములోను ఇది మనకు అనుభవమే గాని, అట్టగోడ దీనిని ఒక్క మధ్యాహ్నములో మన కన్నుల యెదుట నిరూపించును.

గోడ చెడినచో మరియొకటి కోయుడు. అట్ట చవుక. పాలరాతిమీద పని నేర్చువానికి ఉండు భయము అట్టమీద పని నేర్చువానికి ఉండనక్కరలేదు. భయము లేనిచోట చేయి నిజమైన కచ్చితత్వమును సాహసించును.

కిటికీ లోతు

ఈ పనియందలి సారమంతయు ఒక కిటికీలో చూపవచ్చును. పాత చర్చిగోడ మందము మూడడుగుల వరకు ఉండును; మన కొలతలో 12 మిల్లీమీటర్లు. మనము వాడిన 1.5 మిల్లీమీటర్ల అట్ట నిజమునకు నాలుగున్నర అంగుళముల గోడ మాత్రమే. ఆ అట్టలో కన్నము కోసి వెనుక పారదర్శకపు రేకు అతికించినచో, శతాబ్దములుగా నిలిచిన రాతికట్టడము పలుచని తెరవలె కనబడును.

ఉపాయమేమనగా, కిటికీ కన్నము చుట్టును గోడ వెనుక అట్టముక్కలను పొరలు పొరలుగా అతికించి మందమును పెంచవలెను. అంచులను లోపలికి పోవు కొలది ఇరుకగునట్లు ఏటవాలుగా గరుకు కాగితముతో రుద్ది, రాతి రంగు వేసి, అద్దపు రేకును ముఖతలమునకు రెండు మూడు మిల్లీమీటర్లు వెనుకగా నిలుపవలెను. అప్పుడు ఆ కిటికీ చుట్టును సహజమైన నీడ పడును. ఆ నీడ రంగుతో పూసినది కాదు. గోడ మందము వలన పుట్టినది. రేకుమీద సూదితో సన్నని వజ్రాకారపు గీతలు గీసి, ఆ గీతలలో ముదురు రంగు నింపి తుడిచినచో, సీసపు పట్టీలతో కూర్చిన చిన్న అద్దములు కనబడును.

మరియొక సూక్ష్మము. రంగుటద్దముల కిటికీ అనగానే ఎరుపు, నీలము, పసుపు మెరయవలెనని మనస్సు తొందరించును. కాని పగటివేళ వెలుపల నిలిచి చూచిన వానికి ఆ కిటికీ దాదాపు నల్లగానే కనబడును. రంగులు లోపలివారికి, లేదా రాత్రివేళ లోపల దీపము వెలిగినప్పుడు వెలుపలివారికి మాత్రమే. కావున పగటి దృశ్యమునకు ముదురు అద్దములనే ఉంచి, రాత్రి దృశ్యము కావలసినచో లోపల చిన్న ఎల్‌ఇడి దీపము నమర్చి, గోడల లోపలి ముఖములకు నల్లరంగు పూయవలెను. లేనిచో వెలుతురు అట్టగుండ చొచ్చివచ్చి గోడలే వెలుగును. తెలిసినదనుకొన్న దానిని ప్రక్కకు నెట్టి, కంటికి కనబడు దానినే చేయుట శ్రద్ధకు పరీక్ష.

పైకప్పు: మూడువేల పలకలు

ఆంగ్లదేశపు పలకరాళ్ళకు వాడుక పరిమాణములు గలవు. వానిలో ఒకటి 20 అంగుళముల పొడుగు, 10 అంగుళముల వెడల్పు. ఆ వెడల్పు మనకు 3.3 మిల్లీమీటర్లు; ఒక వరుసలో వెలికి కనబడు భాగము సుమారు 3 మిల్లీమీటర్లు. పలుచని కాగితమును 5 మిల్లీమీటర్ల పట్టీలుగా కోసి, ప్రతి 3.3 మిల్లీమీటర్లకు సగము వరకు చిన్న గాట్లు పెట్టి, చూరునుండి మొదలుపెట్టి పైకి ఒకదానిమీద నొకటి అతికించుచు పోవలెను. క్రింది వరుస అతుకుమీద పై వరుస పలక నడిమిభాగము పడవలెను. వాననీరు ఇంటిలోనికి రాకుండుటకు నిజమైన కప్పులో పాటించు నియమమే ఇది.

50 డిగ్రీల వాలు గల మన సాలకు ఒక్కొక్క పార్శ్వమున సుమారు 25 వరుసలు పట్టును; ఒక వరుసకు 60 పలకలు; రెండు పార్శ్వములకును కలిపి సుమారు మూడువేలు. సంఖ్య విని గుండె జారినవాడు ఈ పనిని విడుచును. దినమునకు రెండు వరుసలు మాత్రమే అని నియమము పెట్టుకొన్నవాడు నెల తిరుగకుండ పైకప్పును ముగించును. రెండు వరుసలు ముగిసినంతనే, ఇంకను ఉత్సాహమున్నను, పట్టీలను ప్రక్కన పెట్టవలెను. అలసట వచ్చిన పిదప అతికిన వరుస ఎప్పుడును వంకరయే. మరునాడు ఉత్సాహముతో పనికి కూర్చుండుటకును ఇదియే మార్గము.

రంగు వేయునప్పుడు అన్ని పలకలకును ఒకే బూడిదవర్ణము పూయక, అక్కడక్కడ కొన్నిటికి నీలిచాయను, కొన్నిటికి గోధుమచాయను కలుపవలెను. ఉత్తరపు వాలుమీద కొంచెము పాకుడు పచ్చదనమును చూపవలెను. కప్పు గోపురమును తాకు చోట సీసపు రేకునకు గుర్తుగా సన్నని బూడిదరంగు కాగితపు పట్టీని మెట్లుగా అతికింపవలెను. చివరకు మెరుపు లేని వార్నిషు పలుచగా పూసినచో, తేమ గల మన కోస్తా ప్రాంతములలో కూడ అట్ట త్వరగా చెడదు.

ఊరిలో దాని స్థానము

నిర్మించిన చర్చిని ఎచ్చట నిలుపవలెను? బల్లమీద పట్టాలు పోగా మిగిలిన మూలలో అని చెప్పువారు కలరు. అది చరిత్రకు విరుద్ధము. లివర్‌పూల్ మాంచెస్టరు రైలుమార్గము తెరచినది 1830లో. ఇంగ్లాండు గ్రామములందలి చర్చిలలో పెక్కు అప్పటికే నాలుగైదు వందల యేండ్లు, అంతకు మించియు వయస్సు గలవి. రైలు ఆ ఊరికి వచ్చిన కొత్త చుట్టము. కావున ముందుగా ఒక మెరకమీద చర్చిని నిలిపి, దాని చుట్టును ప్రహరీని, సమాధులను, ముదుసలి యూ చెట్టును అమర్చి, పట్టాలను దానికి దూరముగా ఒంపు తిరిగి పోనిండు. గోడ అడుగున నేలకును అట్టకును నడుమ సందు కనబడరాదు. భవనపు అడుగుభాగమును నేలలోనికి కొంత దింపి, గడ్డిని గోడవరకు అంటించవలెను.

తన జీవితములో ఏది ముందుగా నిలిచియున్నదో, ఏది తరువాత వచ్చి దాని చుట్టు ఒంపు తిరుగవలసినదో నిర్ణయించుకొనుటకును ఈ అమరిక సాయపడును. దినచర్యలో మిగిలిన మూలలో తనకు ప్రియమైన పనిని పెట్టువాడు దానిని ఎన్నడును పూర్తిచేయలేడు. దానికి ముందుగా చోటిచ్చి, తక్కిన పనులను దాని చుట్టును నడుపువాడు చేయగలడు.

అభ్యాసములు

ఒకటి: మీ వీథిలోని ఏదైన ఒక పాత కట్టడమును, అది గుడియైనను, మసీదైనను, చర్చియైనను, పాఠశాలయైనను, అరగంటసేపు చూచి, దాని ఒక గోడను కాగితముమీద కొలతలతో గీయుడు. మీకు తెలిసినదనుకొని తప్పుగా గీసినవి ఏవో మరునాడు అచ్చటనే నిలిచి దిద్దుకొనుడు.

రెండు: ఆ గోడలోని ఒక కిటికీని మాత్రము, పైన చెప్పిన లోతుతో, అట్టలో నిర్మింపుడు. మొదటిది నచ్చకున్నచో రెండవది, రెండవది నచ్చకున్నచో మూడవది. మూడింటిని ప్రక్క ప్రక్కన ఉంచి, తేడా ఎచ్చట వచ్చినదో ఒక్క వాక్యములో వ్రాయుడు.

మూడు: ఇరువది దినముల పాటు దినమునకు రెండు పలకల వరుసలు అతికింపుడు, ఎక్కువ వద్దు, తక్కువ వద్దు. సమయము ప్రతిదినమును ఒకటే కావలెను.

నాలుగు: చర్చి పూర్తియైన పిమ్మట దాని అడుగున మీ పేరును తేదీని వ్రాసి, ఆ వారములోనే తరువాతి భవనమునకు కొలతల కాగితము ఆరంభింపుడు. చర్చి ప్రాంగణపు చిన్న ద్వారమంటపము గాని, స్టేషను మాస్టరు ఇల్లు గాని మంచిది. మొదటి భవనము మీకు నేర్పిన పాఠములు చేతిలో తడి ఆరకముందే రెండవ దానికి ఉపయోగపడవలెను. అట్లు ఉపయోగపడినప్పుడే శ్రద్ధ మీకు అలవాటైనదని నమ్మవచ్చును.